గున్న ఇంకా అడవిలోనే ఉంది

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు, బాబుకు మూడున్నర. రాత్రి పడుకునే ముందు ఇద్దరికీ కథ చదివి వినిపించడం అలవాటు. జంతువులు సాహసాలు చేసే కథలంటే పాపకు ప్రాణం. రెండు వారాల కిందట ఒక గున్న ఏనుగు కథ మొదలుపెట్టాను. మూడో అధ్యాయంలో తల్లి ఏనుగు గోతిలో పడిపోతుంది, గున్న ఒంటరిదవుతుంది. అప్పటికి బాబు నిద్రలోకి జారుకున్నాడని పుస్తకం మూసేశాను. ఆ రాత్రి పాప రెండుసార్లు ఏడుస్తూ లేచింది. మర్నాడు ఆ పుస్తకాన్ని బీరువా పైన దాచేశాను. తర్వాత ఏమవుతుందో నేనూ చదవలేదు. ఇప్పుడు భయం లేని కథలే చదువుతున్నాను కాని, పాప ఊ కొట్టడం మానేసింది. పైగా జంతువులు మాట్లాడే కథలు పిల్లలకు తప్పుడు విషయాలు నేర్పుతాయని మావారు అంటున్నారు. ఇద్దరికీ పనికివచ్చే జంతువుల సాహస కథలు ఎలా ఎంచుకోవాలి? చావు ఉన్న కథలను ఏ వయసు దాకా పక్కన పెట్టాలి?

సమాధానం:

అమ్మా, తల్లి ఏనుగు గోతిలో పడినందుకు కన్నా, గున్న ఒంటరిగా నిలబడి ఉండగా పుస్తకం మూతపడినందుకే మీ పాప ఎక్కువ భయపడిందని నా నమ్మకం. మీరు దీపం ఆర్పారు, బాబు నిద్రపోయాడు, ఇల్లు సద్దుమణిగింది. పాప మాత్రం ఆ గోతి పక్కనే ఉండిపోయింది. రెండు వారాలుగా అక్కడే ఉంది. మీరు తెచ్చిన కొత్త కథలకు ఊ కొట్టకపోవడానికి కారణం ఆ కథలు బాగాలేకపోవడం కాకపోవచ్చు. మొదటి కథ ఇంకా అయిపోలేదు, అంతే. మన పెద్దలు కథ ముగించేటప్పుడు "కథ కంచికి, మనం ఇంటికి" అనేవారు. ఆ మాటలో ఎంత ఆలోచన ఉందో పిల్లలకు కథ చెప్పేవాళ్లకే తెలుస్తుంది. కథను దాని దారిన పంపించాలి, విన్న పిల్లను ఇంటికి తీసుకురావాలి. ఆ రాత్రి మీ పాప ఇంటికి రాలేదు.

అందుకని ముందు ఆ పుస్తకం కిందికి దించండి. పిల్లలు నిద్రపోయాక మీరొక్కరే చివరిదాకా చదవండి. ఏం చేయాలన్నది అందులో ఏముందో తెలిశాకే తేలుతుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పిల్లలకు భయం లేని కథలే చదవాలన్న మీ నిర్ణయం ప్రేమతో తీసుకున్నదే. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. మా మనవరాలికి నాలుగేళ్లప్పుడు కుందేలు పిల్లల కథ ఒకటి చదువుతున్నాను. నక్క పొదలోంచి తొంగిచూసే బొమ్మ వచ్చింది. ఆ పిల్ల అరచెయ్యి చాపి నక్క ముఖం మీద గట్టిగా అదిమిపెట్టింది. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి తోక మాత్రం కనిపిస్తోంది. భయపడిందనుకుని నేను పుట తిప్పబోయాను. "ఊహూ, చదువు అమ్మమ్మా, నేను పట్టుకున్నానుగా" అంది. చెయ్యి తీయకుండానే ఆ పుటంతా విన్నది. కుందేళ్లు బొరియలోకి దూరాక చెయ్యి తీసి, నక్క ఏమైనా అంటుకుందా అన్నట్టు అరచేతిని ఒకసారి చూసుకుంది. మర్నాడు రాత్రి మొట్టమొదట అడిగింది ఆ నక్క పుటనే.

అప్పటినుంచి పుస్తకంలో ఆపద ఉందా లేదా అని చూడటం మానేశాను. ఆపద లేని సాహస కథ ఉండదు. పిల్ల చెయ్యి ఆ ఆపద మీద ఆనుతుందా, అంటే ఆ ఆపద తనకు అర్థమయ్యేంత దగ్గరగా, తాను తట్టుకోగలిగేంత చిన్నదిగా ఉందా అన్నదే చూస్తున్నాను. వలలో చిక్కుకోవడం, దారి తప్పడం, వరద రావడం, ఆకలి, నక్క, గద్ద. ఇవన్నీ పిల్లలు పట్టుకోగలిగిన భయాలు. కారణం చెప్పకుండా హింసించే మనుషులు, పేజీల తరబడి సాగే బాధ, నెత్తుటి వర్ణనలు ఉన్నవి ఈ వయసుకు వద్దు.

ఇక ఎంపిక. నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే పరీక్ష ఒకటుంది. కథలో జంతువు ఆపదలోంచి ఎలా బయటపడిందో చూడండి. తన ఒంట్లో ఉన్న నేర్పుతో బయటపడిందా, లేక ఎవరో వచ్చి లాగి బయట పడేశారా? మనకు తెలిసిన మిత్రలాభం కథనే తీసుకోండి. వలలో చిక్కిన పావురాలు తమ రాజు చిత్రగ్రీవుడి మాట విని ఒక్కసారిగా రెక్కలు కొట్టి, వలతో సహా లేచిపోతాయి. అది పక్షులే చేయగల పని, అదీ కలిసి ఎగిరితేనే అయ్యే పని. హిరణ్యకుడనే ఎలుక తన పళ్లతో ఆ తాళ్లు కొరుకుతుంది. ఆ తర్వాత తాబేలు వేటగాడికి చిక్కినప్పుడు లేడి చచ్చినట్టు పడుకుంటుంది, కాకి దాని కళ్లు పొడుస్తున్నట్టు నటిస్తుంది, వేటగాడు లేడి మీద ఆశతో తాబేలును నేల మీద పెట్టి అటు నడుస్తాడు. ఎలుక కట్లు కొరికేస్తుంది, తాబేలు నీళ్లలోకి జారుకుంటుంది. ఎవరి ఒంట్లో ఉన్న విద్య వాళ్లు వాడారు. ఈ కథ విన్న పిల్లలు లేచి నిలబడి రెక్కలు కొడతారు, దుప్పటి అంచు పళ్లతో కొరుకుతారు. అంత చిన్న ఎలుక అంత పెద్ద పని చేసిందంటే, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లకు అది ఎంత ధైర్యమో ఆలోచించండి. 1853 నాటి నీతిచంద్రికలో పరవస్తు చిన్నయసూరి దీన్ని రాసిన తెలుగు చాలా అందమైనది, కాని చిన్నపిల్లలకు కొరుకుడుపడదు. ఆ కథను మీ మాటల్లో చెప్పండి, లేదా వాడుక భాషలో రాసిన ప్రతి వెతుక్కోండి.

దీనికి తిరగేసిన పరీక్ష కూడా ఉంది. కథలో ఎలుగుబంటి పేరు తీసేసి ఒక అబ్బాయి పేరు పెట్టి చూడండి. సంచి తగిలించుకుని బడికి వెళ్లడం, స్నేహితుడితో పోట్లాడటం, క్షమాపణ చెప్పడం, ఇందులో ఏమీ మారకపోతే అది జంతువుల కథ కాదు, ఎలుగుబంటి తొడుగు వేసుకున్న అబ్బాయి కథ. అలాంటివి చెడ్డవని నేను అనను. మీ పాప కోరుకుంటున్నది మాత్రం అది కాదు. ఆమెకు అడవి కావాలి.

మీవారి మాటలో నిజం ఉంది, కొట్టిపారేయకండి. 2014లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా గేనియా బృందం మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు అంతగా పరిచయం లేని జంతువుల గురించి రెండు రకాలుగా చదివి వినిపించింది. జంతువులను మనుషుల్లా మాట్లాడించి, మనుషుల ఆలోచనలు అంటగట్టి చదివినప్పుడు, పిల్లలు నిజం జంతువులకు కూడా ఆ లక్షణాలు ఉంటాయని ఎక్కువగా అనుకున్నారు. కాబట్టి జంతువుల గురించి తెలియజెప్పాలనుకుంటే దానికి వేరే పుస్తకం తీసుకోండి, అందులో జంతువును జంతువులాగే ఉండనివ్వండి. సాహస కథలో జంతువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. జంతువుకు మాటలు వచ్చినా ఒళ్లు మారకూడదు, అంతే. తాబేలు మాట్లాడవచ్చు, పరుగెత్తకూడదు. గుడ్లగూబ సలహా చెప్పవచ్చు, అయితే చీకటి పడ్డాక చెబితే బాగుంటుంది. ధ్రువపు ఎలుగుబంటినీ పెంగ్విన్‌నూ ఒకే మంచుగడ్డ మీద కూర్చోబెట్టిన పుస్తకాన్ని నేను అక్కడే కింద పెట్టేస్తాను. ఒకటి భూమికి ఉత్తరపు కొసన, రెండోది దక్షిణాన బతికేవి. ఏనుగుల మందను కొమ్ములున్న మగ ఏనుగు రాజులా నడిపిస్తోందని రాసినా అంతే. ఏనుగుల మందకు పెద్ద దిక్కు వయసులో పెద్దదైన ఆడ ఏనుగు. ఇంత చిన్న సంగతి కనుక్కోని రచయిత మిగతాది మాత్రం శ్రద్ధగా రాశారని నమ్మలేను.

నీతి కోసం జంతువుల కథ వెతకడం కూడా మానండి. ఈ మాట చాలామందికి రుచించదు, అయినా చెబుతాను. అదే విశ్వవిద్యాలయంలో 2017లో వెలువడిన మరో పరిశోధనలో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇతరులతో పంచుకోవడం గురించిన కథ చదివి వినిపించారు. మనుషులు పాత్రలుగా ఉన్న కథ విన్నాక పిల్లలు తమ దగ్గరున్నవి ఎక్కువగా పంచారు. బట్టలు వేసుకున్న జంతువులు పాత్రలుగా ఉన్న కథ విన్నాక ఆ మార్పు కనిపించలేదు. నా అనుభవం కూడా దీనికి దూరంగా లేదు. పుట చివర లావుపాటి అక్షరాల్లో "నీతి" అని ఉంటే ఆ వాక్యం చదవకుండానే పుస్తకం మూసేయండి. కథ విని పిల్ల తనంతట తాను ఏదో అనబోతుంది. నీతి వాక్యం ఆ మాటను నోట్లోనే ఆపేస్తుంది.

భాష విషయంలో మాత్రం పట్టుబట్టండి. పుస్తకం ఎంచుకునేటప్పుడు మధ్యలో ఎక్కడో ఒక పుట తెరిచి పైకి చదవండి, మనసులో కాదు. "తల్లిచే విడువబడిన ఆ ఏనుగు పిల్ల మిక్కిలి దుఃఖముతో నిండిన హృదయము కలదై అటునిటు సంచరించెను" అని ఉందనుకోండి. మీకు ఊపిరి చాలదు, పిల్లకు బొమ్మ కట్టదు. అదే సంగతిని "అమ్మ కనిపించలేదు. గున్న తొండం పైకెత్తి గాలి పీల్చింది. అమ్మ వాసన లేదు. ఇంకోసారి పీల్చింది" అంటే పిల్ల ముక్కు కూడా కదులుతుంది. ఏడుపు అనే మాట లేకుండానే ఏడుపు వస్తుంది. మంచి కథ దొరికి, భాష మాత్రం కర్రలా ఉంటే, చదువుతూనే మాటలు మార్చుకోండి. ఎవరూ ఏమీ అనరు. తుర్రుమనడం, రివ్వున లేవడం, చెంగున దూకడం, బుస్సుమనడం, ఇలాంటి మాటలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. మూడున్నరేళ్ల మీ బాబును కథలో కూర్చోబెట్టేవి అవే.

బాబు గురించి ఒక్క మాట. ఇద్దరికీ ఒకే కథ అన్న పట్టుదల వదిలేయండి. ముందు బాబు కథ, ఆ తర్వాత పాప కథ. బాబుకు ఒక జంతువు, ఒక ఆపద, ఇంటికి చేరడం, ఇంతే చాలు. ఇసుకలోంచి పైకి వచ్చిన తాబేలు పిల్ల సముద్రం దాకా నడవడం ఆ వయసుకు మహాసాహసం. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వచ్చే పుస్తకమైతే మూడో రాత్రికి వాడే ఆ వాక్యం చెప్పేస్తాడు. అదే పుస్తకం రోజూ అడిగితే విసుక్కోకండి. 2011లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడేళ్ల పిల్లలకు కొత్త మాటలు నేర్పి చూశారు. మూడు వేర్వేరు కథలు విన్న పిల్లల కన్నా ఒకే కథను మళ్లీ మళ్లీ విన్న పిల్లలే ఆ మాటలను బాగా గుర్తుపెట్టుకున్నారు. పాప కథ చదివేటప్పుడు బాబు పక్కనే బొమ్మలతో ఆడుకున్నా పరవాలేదు, కూర్చోమని బలవంతం చేయకండి. వినే చెవి వింటూనే ఉంటుంది.

పాప వయసుకు "ఇది నిజంగా జరిగిందా?" అనే ప్రశ్న మొదలవుతుంది. ఆమెకు అప్పుడప్పుడూ నిజం సాహసాలు కూడా వినిపించండి. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే మారుమూల పట్టణంలో పిల్లలకు కంఠసర్పి, అంటే డిఫ్తీరియా సోకింది. సముద్రం గడ్డకట్టింది, ఓడ రాదు. రైలు మందును నెనానా అనే ఊరి దాకా తేగలిగింది. అక్కడినుంచి నోమ్‌కు దాదాపు 1,085 కిలోమీటర్ల మంచు దారి. బండి నడిపేవాళ్లు 20 మంది, కుక్కలు సుమారు 150. ఒక బండి నుంచి ఇంకో బండికి మందు అందించుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చేశారు. మంచు తుపానులో బండి నడిపే మనిషికి కళ్లు కనిపించని చోట ముందున్న కుక్కే దారి పట్టుకుంది. నేను చెప్పిన పరీక్షకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నోమ్‌కు మందు చేర్చిన చివరి బండిని నడిపించిన కుక్క బాల్టో. దానికి ఆ ఏడాదే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. మందుతో అందరికన్నా ఎక్కువ దూరం, అందులోనూ గడ్డకట్టిన సముద్రం మీదుగా ప్రమాదకరమైన దారిలో సాగింది మాత్రం టోగో అనే వయసు మళ్లిన కుక్క ముందు నడిచిన బండి. "మరి విగ్రహం టోగోకు ఎందుకు పెట్టలేదు?" అని మీ పాప అడగకపోతే నాకు ఆశ్చర్యమే. ఆ ప్రశ్నకు గబుక్కున జవాబు చెప్పేయకండి, కాసేపు ఆమెనే మాట్లాడనివ్వండి. ఆ పరుగులో కొన్ని కుక్కలు చనిపోయాయి. అది ఎప్పుడు చెప్పాలో మీరు ముందే అనుకుని ఉంచుకోండి.

చావు ఉన్న కథలను ఏ వయసు దాకా ఆపాలని అడిగారు. ఇన్నేళ్లని గీత గీయలేను. చనిపోవడమంటే ఇక తిరిగి రాకపోవడమని అయిదేళ్ల లోపు పిల్లల్లో చాలామందికి పూర్తిగా తెలియదు. అయిదు నుంచి ఏడేళ్ల మధ్య అది మెల్లగా తెలిసివస్తుంది. మీ బాబు హాయిగా నిద్రపోయాడు, పాప లేచి ఏడ్చింది. ఆమె సరిగ్గా ఆ గడప మీద నిలబడి ఉంది. ఈ వయసులో ఆ సంగతి ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది, అమ్మ ఒడిలో పుస్తకంలో ఎదురైతే మంచిదే. నేను చూసేది ఒక్కటే. చావు తర్వాత కథలో ఇంకా ఎన్ని పుటలున్నాయి, మిగిలినవాళ్ల పక్కన ఎవరున్నారు? తల్లి పోయాక ఆఖరి పుటలో గున్నను ఒంటరిగా వదిలేసే పుస్తకాన్ని ఆరేళ్ల పిల్లకు చదవను. తల్లి పోయినా గున్న తినడం, తడబడటం, మళ్లీ ఆడుకోవడం దాకా తోడుండే పుస్తకమైతే చదువుతాను. మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా దూరమై ఉంటే మాత్రం దాన్ని కొన్నాళ్లు ఆపండి.

అధ్యాయం చివర ఆపాలన్న నియమం పెట్టుకోకండి. తర్వాత ఏమవుతుందోనన్న ఉత్కంఠలోనే అధ్యాయం ముగించడం రచయితలకు అలవాటు. పెద్దవాళ్లకు అది బాగుంటుంది, రాత్రిపూట పిల్లలకు కాదు. ఇంకో రెండు పుటలు ముందుకు వెళ్లి జంతువు నీళ్లు తాగిన చోటో, చెట్టు తొర్రలో ముడుచుకున్న చోటో ఆపండి. అలాంటి చోటు దగ్గర్లో లేకపోతే నాలుగు పుటలు ముందే ఆపేయండి. అందుకే ముందుగా మీరు చదివి ఉండాలనేది. ఆపే చోటు చూసుకుని పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఆ గున్న సంగతి. మీరు పుస్తకం పేరు రాయలేదు కాబట్టి అందులో ఏముందో నాకు తెలియదు. చదివాక తల్లి గోతిలోంచి బయటపడిందని తేలితే, రేపు పగటిపూట పాపను పక్కన కూర్చోబెట్టుకుని "గున్నను మనం అడవిలోనే వదిలేశాం, పద, చూసొద్దాం" అని ఆపిన చోటునుంచి మొదలుపెట్టండి. తల్లి చనిపోయినా పగలే చదవండి, గున్నకు తోడు దొరికే దాకా ఆపకుండా ఒకే విడత చదవండి. ముగింపు మరీ నిర్దయగా ఉంటే ఆ మాట పాపతో చెప్పండి. "ఈ కథ రాసినవాళ్లు దీన్ని ఇక్కడ ఆపేశారు. నాకు నచ్చలేదు, తర్వాత ఏం జరిగి ఉంటుందో మనం చెప్పుకుందామా" అనండి. చదివినట్టు నటిస్తూ చావును దాటేయవద్దు. ఆరేళ్ల పిల్ల రేపో మాపో తనే చదువుకుంటుంది, మీరు మార్చిన చోటు కనిపెడుతుంది.

"దాని అమ్మ మళ్లీ రాదా?" అని అడుగుతుంది. రాదంటే రాదనే చెప్పండి. నిద్రపోయిందనో ఊరికి వెళ్లిందనో అనకండి, రేపు మీరు నిద్రపోయినా ఊరికి వెళ్లినా ఆ పిల్ల వణికిపోతుంది. చెప్పాక ఊరుకోవద్దు, ఏనుగుల గురించి తెలిసిన నిజం ఇంకొకటి చెప్పండి. ఏనుగు పిల్ల తల్లి ఒక్కదానితోనే పెరగదు. మందలో అమ్మమ్మ ఉంటుంది, పిన్నులుంటారు, అక్కలుంటారు. నడిచేటప్పుడు గున్నలను మధ్యలో ఉంచుకుని పెద్దవి చుట్టూ కాస్తాయి. చిన్నది బురదలో కూరుకుపోతే తొండాలతో తోసి లేపుతాయి, అది అరిస్తే అక్కలు ముందుగా పరుగెత్తుకొస్తాయి.

పాప ఏడిస్తే ఏడవనివ్వండి, చదవడం ఆపి తలమీద చెయ్యి వేసి ఉంచండి. తిరిగి మొదలుపెట్టమని తనే అంటుంది. చదవడం అయిపోయాక ఆ పుస్తకాన్ని బీరువా పైన పెట్టకండి. కింది అరలో, ఆమె చేతికి అందే చోట, మిగతా పుస్తకాలతో పాటు పెట్టండి.